సబ్బు పొర

ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ ఇంట్లో అందరూ తుమ్మేవారు. ముందు కూతురు, తర్వాత భర్త, ఆఖర్న ఆమె. బట్టల సబ్బు బిళ్ళలు తురిమి, తురుమంతా పాత కాగితాల మీద ఆరబోసి, ఎండి పెళుసెక్కాక మిక్సీలో వేసి తిప్పి మూత తీసేసరికి తెల్లటి దుమ్ము లేచి, వంటింటి గడప దాటి ముందుగదిలోకి నడిచొచ్చేది.

"ఫ్యాక్టరీ కూత వేసింది, అందరూ పనిలోకి రావాలి," అనేది కూతురు ముక్కు పట్టుకుని. దానికి పధ్నాలుగేళ్ళు. ఇంట్లో ఏది జరిగినా ఒక మాట అనకుండా ఉండలేని వయసు.

ఆమె మూతికి గుడ్డ కట్టుకుని ఆ పొడిలో బట్టల సోడా, కొంచెం వెలిగారం కలిపి, రెండుసార్లు జల్లెడ పట్టి పెద్ద డబ్బాలో పోసేది. డబ్బాని చేత్తో తట్టి, పొడి కిందికి దిగాక మళ్ళీ పోసేది. ఆ తట్టడం అవసరం లేదు. కానీ అలా తడుతున్నప్పుడు వచ్చే బరువైన శబ్దం ఆమెకి ఇష్టం. ఒక పని పూర్తయిందని చెప్పే శబ్దాలు ఆ మధ్య ఆమె జీవితంలో బాగా తగ్గిపోయాయి.

ఎనిమిది నెలల కిందటి వరకూ ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. పుస్తకాలు కాదు. పెట్టెలు, సీసాల మీద అంటించే చీటీలు, ప్యాకెట్లు. సబ్బు పొడులు, బిస్కెట్లు, దోమల మందు, దగ్గు మందు, రంగు డబ్బాలు. పదకొండేళ్ళలో "పిల్లలకి అందకుండా ఉంచండి" అన్న వాక్యాన్ని ఆమె ఎన్ని వేలసార్లు చూసిందో. చదివిందో అనడానికి లేదు. చేరిన కొత్తలో ఆమె పక్కన కూర్చునే పెద్దాయన, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడదీసుకుని తిరిగేవాడు, మొదటి పాఠం అదే చెప్పాడు. "అర్థంలోకి దిగకమ్మా. దిగావా, కొట్టుకుపోతావు. అక్షరం చూడు, అంతే." ఆమె దిగకుండా ఉండడం నేర్చుకుంది. చేతికి వచ్చిన ప్రతి కాగితం మీదా చూపు నడిచిపోయేది, మనసు ఒడ్డునే కూర్చునేది. ఆమెలా తప్పు పట్టేవాళ్ళు లేరని మేనేజరే అనేవాడు. తర్వాత ఆ పని చేసే యంత్రం ఒకటి కొన్నారు. ఆమె కుర్చీని అదే వారం పార్సిళ్ళ గదిలోకి జరిపారు, తాళ్ళు చుట్టే అబ్బాయి కూర్చోవడానికి. కుర్చీని మోసుకెళ్తుంటే ఆమె పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చింది.

ఇంట్లో మొదటి రెండు నెలలూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక మధ్యాహ్నం సబ్బు పొడి ప్యాకెట్ ఖాళీ అయితే, పారేయబోతూ వెనక్కి తిప్పింది. తాను దిద్దినదే.

"ఏమండీ, ఇందులో సగం ఉప్పూ సోడా. మిగతా సగంలో సగం వాసన. నాకు తెలుసు, నేనే దిద్దాను," అంది ఆ సాయంత్రం భర్తతో.

"అయితే ఇన్నాళ్ళూ వాసన కొనుక్కుంటున్నామా మనం?" అన్నాడు అతను.

అతను వెల్డరు. ఊరి చివర షెడ్డులో పెద్ద పెద్ద నీళ్ళ ట్యాంకులు, బాయిలర్లు అతికే పని. ఒక్క జీతం మీద ఇల్లు నడపాల్సి వచ్చాక అతను నోరు విప్పి ఏమీ అనలేదు, కానీ సాయంత్రం టీకొట్టు దగ్గర ఆగడం మానేశాడు. అది ఆమెకి తెలుసు. అతనికి కూడా తెలుసు, ఆమెకి తెలుసని. ఆ పొడి మొదటిసారి తయారుచేసి చూపించిన రోజు అతను డబ్బా ఎత్తి చూసి, "అబ్బో, ఇది నెలంతా వస్తుందే!" అన్నాడు. మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పాడట. "మా ఆవిడ ఇంట్లోనే ఫ్యాక్టరీ పెట్టింది" అని. ఆ మాటని ఆమె చాలా రోజులు లోపల దాచుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేది.

పొడి నురగ పెద్దగా ఇచ్చేది కాదు. ఆ వీధి నీళ్ళలో సున్నం ఎక్కువ, టీ కాచే గిన్నెల అడుగున కూడా తెల్లగా పెచ్చు కట్టేది. ఉతికిన బట్టలు కొంచెం బిరుసెక్కాయి. తువ్వాళ్ళ సంగతి కూతురు నాలుగో నెలలో కనిపెట్టింది.

"అమ్మా, ఇది నీళ్ళు పీల్చదు. ఇటు నుంచి అటు తోస్తుంది. నేను తుడుచుకుంటున్నానా, నీళ్ళకి దారి చూపిస్తున్నానా?"

"కొన్న పొడితో ఉతికినప్పుడు నువ్వేమన్నా తామరాకువా? అప్పుడూ తడిసే వచ్చేదానివి," అంది ఆమె. అందరూ నవ్వారు. ఆ సంగతి అక్కడితో పోయింది.

*

ఆ గురువారం భర్త మధ్యాహ్నం మూడింటికే ఇంటికొచ్చాడు. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. వెంట షెడ్డులో పనిచేసే పొడుగాయన. ఆయన్ని భర్త బావా అంటాడు, ఆయన ఆమెని చెల్లెమ్మా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పదిహేనేళ్ళు ఒకే పొగ పీల్చిన చుట్టరికం.

"ఏం కాలేదు, ఏం కాలేదు," అంటూనే వచ్చాడు భర్త. ఏదో అయినవాళ్ళు అనే మాట అది.

నిప్పురవ్వలు చొక్కా మీద పడ్డాయి. వెల్డర్లకి అది రోజూ ఉండేదే, వానలో తడవడం లాంటిది. అందుకే కంపెనీ నిప్పంటుకోకుండా మందు పట్టించిన గుడ్డతో కుట్టిన నీలం కోట్లు మనిషికి రెండేసి ఇస్తుంది. రవ్వ పడితే ఆ చోట నల్లమచ్చ పడాలి, ఆరిపోవాలి. ఈసారి ఆరలేదు. అతను ముఖానికి అడ్డం పెట్టుకున్న నల్లద్దం లోంచి చూస్తున్నాడు కనక తన చెయ్యి మండుతోందని ముందు తెలియలేదు. పొడుగాయన వచ్చి గోనెపట్టా కప్పాడు. డాక్టరు మూడు వారాలన్నాడు.

ఫోర్‌మన్ వేరే మాట అన్నాడు. కోటు మంచిదే, తనిఖీ అయిన సరుకే. చెయ్యి తిన్నగా లేక మరీ దగ్గరికి వంగి ఉంటాడు, లేదా పరధ్యానం. వచ్చే బుధవారం వచ్చి, పొరపాటు నాదేనని సంతకం పెట్టాలి. ఆ తర్వాత వెల్డింగు పని ఇవ్వరు. రంగులు వేసే షెడ్డులో వేస్తారు, అదీ జాలి తలచి.

"నిజమేనేమో," అన్నాడు భర్త ఆ రాత్రి భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే. "నలభై ఏడొచ్చాయి. చెయ్యి వణికిందేమో. వణికితే మనకి ముందు తెలుస్తుందా? పక్కవాడికే తెలుస్తుంది."

"నాన్నా, నువ్వు సూదిలో దారం నాకన్నా ముందే ఎక్కిస్తావు," అంది కూతురు. ఆ రోజు దానికి ఎకసెక్కం రాలేదు.

*

ఆదివారం పొడుగాయన పండ్లు తీసుకుని చూడ్డానికొచ్చాడు. భర్త మందుల మత్తులో లోపల పడుకుని ఉన్నాడు. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

"చెల్లెమ్మా, బావది తప్పంటే నేనొప్పుకోను. పక్కనే ఉన్నాను నేను. చెయ్యి రాయిలా ఉంది. కానీ ఆ కోటు... ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాను, ఆ గుడ్డ అలా మండగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఏదో నూనెలో ముంచి తీసినట్టు లేచింది మంట. గుడ్డ కాదు, గుడ్డ పైన ఏదో మండింది. ఫోర్‌మన్‌కి చెప్తే, నీ కళ్ళజోడు మార్చుకో అన్నాడు."

"నూనె ఏమన్నా పడిందేమో," అంది ఆమె.

"శుభ్రంగా ఉతికిన కోటు తల్లీ. సోమవారం సోమవారం బావ కోటు చూసి మేమందరం ఏడుస్తాం, మా ఇళ్ళల్లో ఇంత శ్రద్ధ లేదని."

ఆయన వెళ్ళిపోయాక ఆమె టీ గిన్నె కడుగుతూ నిలబడిపోయింది. వేళ్ళకి అడుగున తెల్ల పెచ్చు తగిలింది. గోటితో గీకితే జారుడుగా, సబ్బులా, కొవ్వులా వచ్చింది. సబ్బంటే కొవ్వే కదా. ఆ సున్నపు నీళ్ళలో సబ్బు కరగదు, పొరగా పేరుకుంటుంది. కూతురి తువ్వాలు నీళ్ళు పీల్చకుండా తోసేది ఆ పొర వల్లే. కొవ్వు మండుతుంది. ఒక్కొక్క ఆలోచనా పిలవకుండా వచ్చి, ముందుదాని పక్కన కూర్చుంది.

అప్పుడు మరొకటి గుర్తొచ్చింది. కోట్లు కొత్తగా ఇచ్చినప్పుడు మెడ వెనక కుట్టిన గుడ్డచీటీ గుచ్చుకుంటోందని అతను గోల పెడితే, కత్తెరతో ఆమే తీసేసింది. తీసేముందు చదివింది. కాదు, చూసింది. నీలం రంగు అచ్చు, ఆరు వరుసలు, మూడో వరుస కొంచెం కుడివైపు జరిగి ఉంది. ఇదంతా ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అందులో ఏముందో మాత్రం ఎంత తవ్వినా పైకి రాలేదు. ఉతికే పద్ధతి అయి ఉంటుంది. మెడ దగ్గర ఇంకేం రాస్తారు?

రెండో కోటు బీరువాలో ఉంది, అదీ అదే పొడితో ఉతికినదే. కోటుతో పాటు అతుకు వేసుకోవడానికి కంపెనీ ఇచ్చిన కొత్త గుడ్డముక్క కుట్టుపెట్టెలో ఉంది, నీరు తగలనిది. కూతురు స్నేహితురాలింటికి వెళ్ళింది. ఆమె కోటు లోపలి మడతలోంచి వేలంత ముక్క కత్తిరించింది. రెండు ముక్కల్నీ పట్టకారుతో పట్టుకుని, సింకు మీద, ఒకదాని తర్వాత ఒకటి లైటరుతో వెలిగించింది.

కొత్త ముక్క అంచు నల్లబడి ముడుచుకుంది. లైటరు తీయగానే ఆరిపోయింది.

ఉతికిన ముక్క మీద మంట పసుపుగా లేచి, ఆగకుండా పట్టకారు దాకా పాకింది. ఆమె దాన్ని సింకులో పడేసి కుళాయి తిప్పింది. ముక్కు దగ్గర వాసన. వెలిగించి ఆర్పేసిన కొవ్వొత్తి వాసన.

గదిలోంచి భర్త దగ్గు వినిపించింది. ఇప్పుడే వెళ్ళి చెప్పాలి అనుకుంది. నిద్రలో ఉన్న మనిషిని లేపి చెప్తే కంగారు పడతాడు. లేచాక చెప్పొచ్చు. లేచాక కూతురు వచ్చేసింది. పిల్ల ముందు ఎందుకు? పిల్ల పడుకున్నాక అతనికి నొప్పి ఎక్కువైంది. నొప్పిలో ఉన్నవాడికి ఎలా చెప్తాం? ప్రతి కారణమూ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, ఎక్కడా ముడత లేదు. ఆ రాత్రి కళ్ళు మూసుకుని వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. వాటి వెనక ఇంకేదో ఉంది. దాని మీద నుంచి చూపు జారిపోతోంది.

*

సోమవారం పొద్దున్న కూతురు బడికి వెళ్ళాక భర్త వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్సిలుతో తెల్లకాగితం మీద గీతలు గీస్తున్నాడు. స్కేలు లేకుండా, కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క ఊపున.

"ఇటు రా. నీ కన్ను గట్టిది. ఈ గీత చూడు. వంకర పోయిందా?"

ఆమె వంగి చూసింది. పదకొండేళ్ళ కన్ను అది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకోగలదు. ఆ గీత దారం లాగి కట్టినట్టు తిన్నగా ఉంది.

"కొంచెం," అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి ఒక్క క్షణం తర్వాత తెలిసింది.

"ఎక్కడ?"

"ఇదిగో... ఈ మధ్యలో. ఏదో కొంచెం లెండి. బాగానే ఉంది."

అతను కాగితాన్ని కిటికీ వెలుగుకి పెట్టి ఆ మధ్యలోకి చూశాడు. చూసి చూసి, లేని వంకరని కనిపెట్టాడు. "ఆఁ, అవును," అన్నాడు నెమ్మదిగా. పెన్సిలు బల్ల మీద పెట్టి, దొర్లిపోకుండా వేలితో ఆపాడు.

ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. ఎందుకన్నాను? భయం వల్ల కాదు. భయమైతే నోరు మూసుకుని ఉండేది. అబద్ధం చెప్పేది కాదు. ఆదివారం వంటింటి సింకు ముందు నిలబడినప్పుడు లోపల ఒక మూల ఏదో చల్లబడింది. అది ఏమిటో అడగకూడదనుకుంది. కుళాయి విప్పి, ముఖం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటే నీళ్ళు బుగ్గల మీద ఇటు నుంచి అటు జరిగాయి.

మంగళవారం సాయంత్రం వాళ్ళిద్దరూ బాల్కనీలో కూర్చున్నారు. కింద వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. ఆ పంపు శబ్దం ఆగాక భర్త ఆమె వైపు తిరిగాడు.

"ఒకటడగనా?"

"అడగండి."

"నీ కుర్చీ తీసేసిన రోజు నీకెలా అనిపించింది?"

ఎనిమిది నెలల్లో అతను ఈ మాట అడగలేదు. ఏం ఫర్వాలేదన్నాడు, ఏదో ఒకటి దొరుకుతుందన్నాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు. అడగలేదు. ఆమె ముందు తడబడింది, తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. కుర్చీకి దారి ఇవ్వడం గురించి చెప్పింది. ఇంటికొస్తుంటే దారి పొడుగునా బోర్డుల మీద తప్పులు కనిపించాయని, ఎవరికీ చెప్పక్కర్లేదని అప్పుడు తెలిసిందని చెప్పింది. పొద్దున్నే మీరిద్దరూ వెళ్ళిపోయాక ఇంట్లో కుర్చీలన్నీ నావైపే చూసేవి అంది.

"అవే కుర్చీలు. ఇప్పుడు నావైపు చూస్తున్నాయి," అన్నాడు అతను. "నేనప్పుడు చూళ్ళేదే నీకలా ఉందని. ట్యాంకుకి చీలికుంటే పది అడుగుల నుంచి చూస్తాను. నిన్ను చూళ్ళేదు."

కాలని చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. చాలా కాలానికి ఆమెకి హాయిగా అనిపించింది. ఇలాగే ఉండిపోతే బాగుండును అనుకుంది.

అనుకున్న మరుక్షణం ఆ మాటే ఎదురు తిరిగింది. ఇలాగే అంటే ఎలాగ? అతను రంగుల షెడ్డులో, తల వంచుకుని, తన చేతిని తానే నమ్మకుండా. సింకు దగ్గర లోపల చల్లబడింది ఇదే. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో పనికిరానిది ఆమె ఒక్కతే. గురువారం నుంచి ఆమెకి తోడు దొరికింది. ఆ తోడు కోసమే గీతలో వంకర చూపించింది. ప్రేమే ఇది, ఇప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చున్నది నిజంగా ప్రేమే. కానీ అది నిలబడింది అతని చేతిలో లేని వణుకు మీద.

"చల్లగా ఉందా? వణుకుతున్నావు," అన్నాడు భర్త.

"లేదు," అంది ఆమె. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇంకొంచెంసేపు, అనుకుంది. ఆ ఇంకొంచెంసేపు చీకటి పడేదాకా సాగింది.

*

బుధవారం పొద్దున్న అతను ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సంతకం పెట్టకండి."

"పెట్టకపోతే ఆ రంగుల పని కూడా పోతుంది."

"మీ తప్పు కాదు. కోటు నేను పాడుచేశాను. నా పొడి. సబ్బు పొర గుడ్డకి పట్టింది, దానివల్ల మండింది. నేను కాల్చి చూశాను. కొత్త గుడ్డ ఆరిపోయింది. ఉతికినది ఆగలేదు."

అతను గుండీ మీద వేలు అలాగే ఉంచి విన్నాడు. ముందు అర్థం కాలేదు. అర్థమవుతున్నప్పుడు అతని ముఖంలో వెలుగు పుట్టడం ఆమె చూసింది. భుజాలు తేలికపడ్డాయి. కుడిచేతి వేళ్ళు విప్పి, ఎప్పుడో పోయిన వస్తువు దొరికినట్టు వాటిని చూసుకున్నాడు.

"అంటే, నా చెయ్యి..."

"మీ చేతికేం కాలేదు."

"ఓసి నీ! ఎంత మాట చెప్పావే! పొడి పోతే పోయింది, వెధవ పొడి. నేను ఆరు రోజులుగా చచ్చి బతుకుతున్నాను." నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది. "ఎప్పుడు కాల్చి చూశావు?"

ఇవాళ పొద్దున్న అనొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. ఎంత సులువు.

"ఆదివారం," అంది.

"ఆదివారం." అతను మంచం మీద కూర్చున్నాడు. "మరి సోమవారం నేను గీసిన గీత?"

"తిన్నగా ఉంది."

"కొంచెం అన్నావు నువ్వు. మధ్యలో అన్నావు. వేలు పెట్టి చూపించావు."

"చూపించాను."

"ఎందుకు?"

ఆమె దగ్గర జవాబు ఉంది. మొత్తం ఉంది, నిన్న సాయంత్రం నుంచి. కానీ బయటికి తీస్తే అది మాటలా ఉండదు, ఏదో జబ్బులా ఉంటుంది.

"మీరు కూడా నాలాగే అయితే నాకు తోడుంటారనుకున్నాను," అంది చివరికి.

అతను వంగి చెప్పులు ముందుకి లాక్కున్నాడు. అరిచినా బాగుండేది. ఆమె అందుకు సిద్ధంగా నిలబడింది. "నిన్న సాయంత్రం నీతో అన్నీ చెప్పుకున్నాను," అన్నాడు అతను, ఆమెతో కాదు. తర్వాత లేచి మిగిలిన గుండీ పెట్టుకున్నాడు. "ఆ రెండో కోటూ కత్తెరా పట్టుకో. నువ్వూ రా. నేను చెప్తే పెళ్ళాం మీదకి తోసి తప్పించుకున్నాడంటారు."

షెడ్డుకి బస్సులో వెళ్ళారు. పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో కోటు మడిచి పెట్టుకుని.

ఫోర్‌మన్ గది అద్దాల గది. బయట పది మంది పని ఆపి చూస్తున్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. ఆమె నిలబడే చెప్పింది. ఏ నెలలో మొదలుపెట్టింది, ఏం కలిపింది, ఎలా ఉతికింది, మెడ దగ్గర చీటీ ఎవరు తీసేశారు.

"అమ్మా, మీరు మీ ఆయన్ని కాపాడుకోవాలనుకోవడం మంచిదే," అన్నాడు ఫోర్‌మన్. "కానీ సబ్బుతో ఉతికితే కోటు కాలుతుందా? నా సర్వీసులో వినలేదు. ఆ లెక్కన మనందరం స్నానం చేసి పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు."

బయట ఎవరో నవ్వారు. పొడుగాయన నవ్వలేదు. లోపలికొచ్చి స్టోరులోంచి తెచ్చిన కొత్త కోటు బల్ల మీద పడేశాడు. "వినకపోతే చూడండి సార్. చెల్లెమ్మా, కత్తెరివ్వు."

రెండు ముక్కలు. లైటరు. ఒకటి ఆరిపోయింది. రెండోది ఫోర్‌మన్ వేళ్ళ దాకా వచ్చింది, ఆయన "అమ్మో!" అని వదిలేస్తే పొడుగాయన బూటుతో తొక్కాడు. గదిలో కొవ్వొత్తి వాసన నిండింది.

"మా అమ్మ కూడా సబ్బే రుద్దుతుంది నా కోటుకి," అన్నాడు బయట నిలబడిన వాళ్ళలో ఒక కుర్ర వెల్డరు. వేసుకున్న కోటుని అప్పటికే విప్పేస్తున్నాడు.

"వదినగారి పొడి ఇంకా ఎన్ని కొంపలకి పంచారో అడగండి ముందు," అన్నాడు ఇంకొకడు. ఈసారి ఎక్కువ మంది నవ్వారు. భర్త వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసేసరికి ఆగిపోయారు.

ఫోర్‌మన్ కాగితాన్ని అడ్డంగా కొట్టేసి కలం పట్టుకుని ఆగాడు. "ఇప్పుడు కారణం ఏమని రాయమంటారు?"

"నా పొరపాటని రాయండి," అంది ఆమె.

"ఉతకడంలో తేడా వల్ల అని రాయండి సార్. ఎవరు ఉతికారో ఆ కాగితానికెందుకు?" అన్నాడు భర్త. ఆమె వైపు చూడలేదు.

*

కట్టు విప్పాక అతను మళ్ళీ పాత చోటుకే వెళ్ళాడు. చెయ్యి మీద నిగనిగలాడే గులాబి మచ్చ మిగిలింది. షెడ్డులో కోట్లన్నీ వెనక్కి తీసుకుని పరీక్ష చేశారని, కుర్ర వెల్డరుదీ మండిందని, వాళ్ళమ్మ ఆమెకి కృతజ్ఞతలు చెప్పమందని పొడుగాయన కబురు పంపాడు. భర్త ఆ మాటలన్నీ ఆమెకి చెప్పాడు, పేపర్లో చదివి వినిపించినట్టు. అతను కోప్పడలేదు. కూర బాగుందంటాడు. ఫీజు కట్టావా అంటాడు. సాయంత్రాలు బాల్కనీలోకి మాత్రం రావడం లేదు, కూర్చోవడానికి తీరిక లేనట్టు ఇంట్లోనే ఏదో ఒకటి బిగిస్తూ ఉంటాడు.

మొదటి ఆదివారం వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ తుమ్మలేదు. ఆమె డబ్బా ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. కూతురు ఏదో అనబోయి తల్లి ముఖం చూసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడైతే ఆమె వెళ్ళి చూసింది. భర్త లుంగీ ఎగ్గట్టుకుని పీట మీద కూర్చుని, కంపెనీ ఇచ్చిన సీసాలోంచి ద్రవం మూతలోకి కొలుచుకుని బకెట్లో పోస్తున్నాడు. పెళ్ళయ్యాక అతను బట్టలుతకడం ఆమె చూడలేదు. కోటుని ముంచి, వెనక్కీ ముందుకీ కదిలించి, జాడించి, మళ్ళీ నీళ్ళు పట్టాడు. మూడుసార్లు.

"ఇలా ఇవ్వండి, నేను చేస్తాను. సీసా మీద ఎలా రాస్తే అలాగే చేస్తాను."

"వద్దులే. నాకేం కష్టం కాదు," అన్నాడు అతను. గొంతులో కరుకుదనం లేదు. బస్సులో పక్క సీటు ఆవిడ సంచి అందుకుంటానంటే చెప్పే మాటలా ఉంది. మెత్తగా, మర్యాదగా.

నీళ్ళు కారుతున్న కోటు ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. తాడు మీద వేసి, చేతులు రెండూ సరిచేసి, లోపలి వైపు వేళ్ళతో రాసి చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది, క్లిప్పుల బుట్ట చేతిలో పట్టుకుని. లోపలికి వెళ్ళిపోవాలో, ఉండాలో తెలియలేదు.

అతను తాడు వైపే తిరిగి ఉండి, తడిచెయ్యి వెనక్కి చాచాడు. ఆమె ఒక క్లిప్పు పెట్టింది ఆ చేతిలో. అతను దాన్ని భుజం దగ్గర బిగించి మళ్ళీ చెయ్యి చాచాడు.

"ఇంకోటి," అన్నాడు.

ఆమె ఇచ్చింది.